గుడ్డ కప్పి దాచిన కంప్యూటర్

నా చెల్లెలు ప్రమీల ఏది చదువుతున్నా నేను దాని పక్కన కూర్చోను, ఎదురుగా కూర్చుంటాను. నేను చదువు నేర్చుకున్నదే అట్లా. మా నాయన ఇద్దరు ఆడపిల్లల్లో ఒకరినే చర్చివాళ్ళ మిషను బడికి పంపగలిగాడు. పెద్దదాన్ని నేను గేదెల వెంట పోయాను. నాకంటే ఆరేళ్ళు చిన్నది ప్రమీల, అది బడికి పోయింది. సాయంత్రం పూట వాచకం ముందు పెట్టుకొని గట్టిగా చదివేది. నేను ఇవతల కూర్చొని చింతపండు గింజ తీస్తూ, దాని నోట్లోంచి వచ్చే మాటను పుస్తకంలో నాకు తలకిందులుగా కనపడే అక్షరంతో కలుపుకొనేదాన్ని. రెండేళ్ళకు చదవడం వచ్చేసింది. ఆ సంగతి అందరికీ తెలియాలని ఒక ఆదివారం చర్చిలో పాటల పుస్తకం అడిగి తీసుకొని, తిరగేసి పట్టుకొని ఒక పాట మొత్తం గడగడా చదివాను. అందరూ నవ్వారు. ప్రమీల అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆ నవ్వు ఇంకా నా చెవిలోనే ఉంది.

తర్వాత పుస్తకం సరిగ్గా పట్టుకొని చదవడమూ వచ్చింది. పొట్లం కాగితాలు, పాత వారపత్రికలు, గోడల మీద రాతలు, దొరికిందల్లా చదివాను. కానీ నాకు బాగా తెలిసింది ఉత్తరాలు చదవడం. ఉదయగిరిలో మా వీధి మగవాళ్ళు గూడూరు మైకా గనులకు, పటాలానికి, రైలు రోడ్డు పనులకు పోయేవారు. వాళ్ళ ఉత్తరాలు పట్టుకొని ఆడవాళ్ళు నా దగ్గరకు వచ్చేవారు. ముప్పై ఏళ్ళు చదివిపెట్టాను. ప్రతి ఉత్తరమూ "ఇక్కడ నేను క్షేమం" అనే మొదలవుతుంది. నా భర్త గనుల నుంచి రాసిన ఆఖరి కార్డు కూడా అట్లాగే మొదలైంది. అది అందిన నాలుగో రోజు ఆయన రేకు పెట్టె ఇంటికి వచ్చింది. ఆయన రాలేదు. అప్పటి నుంచి నేను ఏ ఉత్తరం చదివినా రాసినదాన్ని ఒకసారి, రాయనిదాన్ని రెండుసార్లు చూసుకుంటాను.

తొంభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో, ఆత్మకూరులో ప్రమీల ఇంటికి రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండూ అమ్మకానికి ఉన్న పాత కంప్యూటర్ల గురించి. వాటిలో ఏదో ఒకటి నా మనవరాలు అనురాధను నా దగ్గర నుంచి తీసుకుపోబోతోందని ఆ ఉత్తరాలు విప్పకముందే నాకు తెలుసు.

అనురాధ నా ఒక్కగానొక్క కూతురి బిడ్డ. నా కూతురు కానుపుకని నెల్లూరు బస్సు ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపి పోయింది. పన్నెండు రోజుల పసిగుడ్డు మాత్రం నా ఒడిలో తిరిగి వచ్చింది. అల్లుడు మరో పెళ్ళి చేసుకొని మళ్ళీ మా దిక్కు చూడలేదు. ఇరవై మూడేళ్ళుగా మా ఇంట్లో మేమిద్దరమే. అనురాధ టైపు లోయరు, హయ్యరు రెండూ ప్యాసై, ఉదయగిరిలో మండలాఫీసు ఎదుట అర్జీలు టైపు కొట్టేది. పోయిన ఏడు నెల్లూరులో ఆరు నెలలు కంప్యూటర్ మీద తెలుగు అక్షరాలు కూర్చడం నేర్చుకొచ్చింది. పెళ్ళి శుభలేఖలు, మీటింగుల కరపత్రాలు, రసీదు పుస్తకాలు, ఈ పనంతా ఆత్మకూరు ప్రెస్సుల నుంచి నెల్లూరు పోతోందని, ఆత్మకూరులోనే ఒక కంప్యూటర్ పెట్టుకుంటే కూర్చొని బతకవచ్చని దాని ఆలోచన.

ప్రమీలకు ఆత్మకూరు బస్టాండు రోడ్డులో సొంత ఇల్లు ఉంది. టీచరుగా రిటైరైంది. పిల్లలు లేరు, భర్త పోయాడు, పింఛను వస్తుంది. ముందు గది ఖాళీగానే ఉంది. "గది నాది, మిషను నేను కొనిస్తా, పిల్ల వచ్చి నా దగ్గర ఉండాల" అంది. కొత్తది కొనే శక్తి ఎవరికీ లేదు గనుక పాతది కావాలని పేపర్లో చిన్న ప్రకటన వేయించింది. అప్పటికే గదికి కొత్త కర్టెను కుట్టించింది, అనురాధకు మంచం కొనింది. ప్రమీలకు బడి దొరికింది, ఉద్యోగం దొరికింది, ఇంట్లో కొళాయి, తల మీద ఫ్యాను, అన్నీ దొరికాయి. నాకు దొరికింది ఒక్క పిల్ల. ఇప్పుడు దానికి ఆ ఒక్కటీ కావలసి వచ్చింది.

ఆ ఆదివారం చర్చి అయిపోయాక దాని ఇంట్లో బల్ల చుట్టూ కూర్చున్నాం. నేను కాఫీ గ్లాసు కడిగి వచ్చేసరికి ప్రమీల అనురాధ జడ విప్పేసి మళ్ళీ అల్లుతోంది.

"ఏందే ఈ జడ, గడ్డివాము కట్టినట్టు. ఉదయగిరిలో దువ్వెనలు అమ్మరా?"

ఆ పొద్దున ఆ జడ వేసింది నేను. "అమ్ముతారు. వేసే చేతులకు కీళ్ళ నొప్పులు ఉండాయి" అన్నాను.

"అవ్వ బాగానే వేసింది, బస్సులో గాలికి చెదిరింది" అంది అనురాధ. జడ మాత్రం ప్రమీల చేతుల్లోనే ఉంచింది.

జడ అయ్యాక ప్రమీల కళ్ళజోడు పెట్టుకొని మొదటి ఉత్తరం తీసింది. నేను ఎదురుగా సర్దుకున్నాను. నెల్లూరు నుంచి, రామనారాయణ అనే రిటైరైన ఆఫీసరు రాశాడు. గీతలు గీసి రాసినట్టు ముత్యాల్లాంటి అక్షరాలు. ప్రమీల బడిలో చదివినట్టు గొంతు సవరించుకొని చదివింది.

"గౌరవనీయులైన అమ్మగారికి నమస్కారములు. పత్రికలో మీ ప్రకటన చూచితిని. మా చిరంజీవి భరత్ కొరకు కొన్న కంప్యూటరు ఒకటి మా వద్ద కలదు. అతనికి అందు ఆసక్తి కలుగలేదు. ఆరు నెలలు మాత్రమే వాడబడినది. అటుపిమ్మట రెండు సంవత్సరములుగా ఎవ్వరును ముట్టలేదు. మా శ్రీమతి స్వయముగా కుట్టిన గుడ్డ కప్పి, చల్లని గదిలో భద్రపరచితిమి. ఒక్క గీత గాని మరక గాని లేదు. కొత్తదానితో సమానము."

ప్రమీల ఉత్తరాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. "చూసినావా అక్కా. ఎంత చక్కగా రాసినాడో. ఒక్క అక్షరం తప్పు లేదు."

"మనం కొనేది కంప్యూటరా, ఆయన దస్తూరీనా?"

"నీకు ఎవురు బాగా రాసినా కడుపుమంటే." అది నవ్వుతూనే అంది. నేను నవ్వలేదు.

రెండోది కావలి నుంచి, నోటు పుస్తకంలో చించిన కాగితం మీద. రాసినవాడు శాంతికుమార్ అని ఊళ్ళోవాళ్ళ అచ్చు పనులు కూర్చిపెట్టే జాబు వర్కు షాపు నడిపేవాడు, పెద్ద మిషను కొన్నందువల్ల పాతది అమ్మేస్తున్నాడు. ప్రమీల దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొని చదివింది.

"మేడమ్ గారికి. నా కంప్యూటర్ కొని నాలుగేళ్ళు. రోజుకు పది గంటలు పని చేయించాను. ఎడమ పక్క రేకు మీద పెద్ద గీత ఉంది, షాపు మారేటప్పుడు తలుపుకు తగిలింది. కీబోర్డులో ఒక కీ బద్ధకంగా లేస్తుంది, గట్టిగా కొట్టాలి. మానిటర్ వేడెక్కేదాకా పది నిమిషాలు బొమ్మ వణుకుతుంది. పోయిన ఏడు లోపల బ్యాటరీ మార్పించాను."

అంతవరకు చదివి మడత పెట్టేసింది. "రోజుకు పది గంటలంట. ఎద్దును కూడా అట్టా దున్నరు. ఇంకేం మిగిలుంటాది దాంట్లో?"

అది మడిచేలోపల ఆఖరి రెండు వాక్యాలు ఇవతలి నుంచి నేను చదివేశాను. 'మీరు వచ్చి ఒక రోజంతా పని చేసి చూసుకోండి. నచ్చకపోతే భోజనం చేసి వెళ్ళండి.' ప్రమీల వాటిని చదవలేదు. నేనూ చెప్పలేదు.

"కంప్యూటర్లో బ్యాటరీ ఏందే? అది కరెంటుతో కదా ఆడేది?" అని అనురాధను అడిగాను.

"చిన్నది ఉంటాదవ్వా, బోర్డు మీద అతికించి. కరెంటు తీసేసినా తారీకు, టైము గుర్తు పెట్టుకునేదానికి. రోజూ మిషను వేస్తా ఉంటే దానికదే చార్జి ఎక్కుతా ఉంటాది."

"వేయకపోతే?"

"దిగిపోతాది." అంటూ నా ముఖంలోకి చూసింది. నేను మడిచిన ఉత్తరం వైపు చూశాను.

నాకు రేడియో గుర్తొచ్చింది. అది నా కూతురిది. కూతురు పోయాక నేను ఆ రేడియోను అటక మీద పెట్టి, దాని చేత్తో పూలు కుట్టిన దిండు గలేబు కప్పాను. రెండేళ్ళు ఎవరినీ ముట్టనివ్వలేదు. దుమ్ము పడితే గలేబు దులిపి మళ్ళీ కప్పేదాన్ని. పసిది అనురాధ ఒకరోజు పాటల కోసం ఏడిస్తే దించి చెవి తిప్పాను. పలకలేదు. రేడియోలు బాగుచేసే పెంచలనరసయ్య దగ్గరకు తీసుకుపోతే వెనక మూత విప్పాడు. లోపల సెల్లులు పగిలి కారి, తెల్లగా, పచ్చగా పొడి కట్టి, స్ప్రింగులను, తీగలను తినేసి ఉన్నాయి.

"ఎవురమ్మా దీన్ని ఇట్టా చేసింది?" అన్నాడు.

"ఎవురూ ముట్టనే లేదు అబ్బయ్యా. గుడ్డ కప్పి భద్రంగా పెట్టినా."

"అదేనమ్మా చేసింది" అన్నాడు.

ఏదో గీకి, తీగలు మార్చి ఇచ్చాడు. ఆ రేడియో ఇప్పటికీ నెత్తిన ఒకటి కొడితేనే పలుకుతుంది. అనురాధ దాన్ని కొడుతూ పెరిగింది.

కాబట్టి ప్రమీల బల్ల ముందు కూర్చున్నప్పుడే నాకు తెలిసిపోయింది. నెల్లూరు ఆయన ఉత్తరంలో అబద్ధం ఒక్కటీ లేదు. ఆయన బయట చూసింది బయట చూసినట్టే రాశాడు. రెండేళ్ళుగా ముట్టలేదని ఆయన గొప్పగా చెప్పుకున్నాడే, దాని రోగం అదే. ఈరోజు ఆడినా ఆడుతుంది, నెలకో రెండు నెలలకో కూలబడుతుంది.

"నెల్లూరుదే" అని ప్రమీల తేల్చేసింది. "రేపు బ్యాంకుకు పోయి డ్రాఫ్టు తీసి పంపిస్తా. అంత పెద్దమనిషిని అనుమానించేదేంది?"

"చూసి తెచ్చుకుందాం చిన్నవ్వా. అవ్వను కూడా అడగాల. ఉత్తరాల సంగతి అవ్వకు తెలుసు" అంది అనురాధ.

"సరే, చూసినాకే డబ్బులు కడదాం. అడుగు, అడుగు. మీ అవ్వ పాస్టరు గారి ప్రసంగంలోనే తప్పులు పడతాది."

అనురాధ అక్కడ అడగలేదు. ఉదయగిరి బస్సులో, కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టి, బస్సు ఊరు దాటాక అడిగింది. "చెప్పవ్వా. ఏది తీసుకోమంటావు? నీ మాటే నా మాట."

బస్సు పోతూ ఉంది. ఎండిన చేలు, రాళ్ళ గుట్టలు వెనక్కి పోతున్నాయి. ప్రమీల అల్లిన జడ నా భుజానికి తగులుతూ ఉంది, నున్నగా, ఒక్క వెంట్రుక బయటికి రాకుండా. నేను ముందు గదిని తలుచుకున్నాను. కొత్త కర్టెను వెనక, ఎంతకీ వెలగని పెట్టె. దాని ముందు నిలబడి ఏం చేయాలో తెలియని ప్రమీల ముఖం. తన రేకు పెట్టె పట్టుకొని ఉదయగిరిలో బస్సు దిగే అనురాధ. ఆ మూడూ నాకు చాలా తియ్యగా కనిపించాయి.

"నెల్లూరుదే బాగుండాది" అన్నాను.

"అంత బాగుండాదా?"

"బాగుండాది. ఒక్క గీత కూడా లేదంట కదా."

నా ముఖం వైపు కొంచెంసేపు చూసి, కిటికీలోంచి బయటికి చూడసాగింది. 

మంగళవారం పెట్టె సర్దుకుంది. బుధవారం పొద్దున నెల్లూరు పోయి మిషను చూసి, అటునుంచి ఆత్మకూరు పోతానంది. బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపింది. అచ్చం వాళ్ళ అమ్మ ఊపినట్టే, వేళ్ళు ఆడించకుండా అరచెయ్యి మొత్తం ఊపింది. బస్సు మలుపు తిరిగి పోయాక కూడా నేను అక్కడే నిలబడ్డాను. సోడాలమ్మే చెంచులక్ష్మి "ఏందక్కా, ఇంకో బస్సుకా?" అని అడిగితే ఇంటికి వచ్చాను.

ఇంట్లో కూర్చొని లెక్క వేసుకుంటే, నేను అనుకున్నది అనుకున్నట్టు జరగదని తెలిసింది. ఆ పెట్టె చెడిపోయేది ప్రమీల చేతిలో కాదు, పిల్ల చేతిలో. ఎవరివో పెళ్ళి శుభలేఖలు సగం కూర్చి ఉంటుంది. పెళ్ళివాళ్ళు గుమ్మంలో నిలబడి ఉంటారు. ప్రెస్సువాళ్ళు మళ్ళీ పని ఇవ్వరు. అయినా ఆ పూట నేను కదల్లేదు. ఎందుకంటే ప్రమీల ముఖం కూడా మధ్యమధ్యలో కనిపిస్తూనే ఉంది, ఆ తీపి నాకు వదల్లేదు. గురువారమంతా అట్లాగే గడిచింది. ఇప్పుడు చెబితే ప్రమీల ఏమంటుందో అని భయం. చెప్పకపోతే పిల్ల ఏమవుతుందో అని భయం.  శుక్రవారం ఆత్మకూరు బస్సు ఎక్కాను. డబ్బులు కట్టేసి ఉన్నా సరే, చెప్పేసి రావాలనుకున్నాను.

ఆత్మకూరు బస్టాండులో దిగి రోడ్డు దాటబోతుంటే కావలి బస్సు వచ్చి ఆగింది. అందులోంచి అనురాధ దిగింది. ఏదో పెద్ద వస్తువును బొంతలో చుట్టి, బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. వెనకాల కండక్టరు ఒక రేకు డబ్బా అందిస్తూ, "మనిషిలా చీర కట్టలేదు గాని, దీనికీ టికెట్టు కొట్టినా గదమ్మా, ఇంక భద్రంగా దించుకో" అంటున్నాడు.

నేను దగ్గరకు పోయాను. డబ్బాకు ఎడమ పక్క కొడవలి ఆకారంలో పెద్ద గీత ఉంది. మధ్యలో రంగు పోయి తుప్పు పట్టింది. నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. షాపు మారేటప్పుడు తగిలిన తలుపు కూడా నా కళ్ళకు కట్టింది.

పిల్ల నా మాట వినలేదు. ముందు నాకు కోపమే వచ్చింది. ఇరవై మూడేళ్ళలో అది నా మాట తీసేయడం అదే మొదలు. ఆ తర్వాత, నేను చెప్పాలని వచ్చిన మాట ఇక అవసరం లేదని తోచింది.

"వచ్చినావా అవ్వా" అంది అనురాధ, నేను వస్తానని ముందే తెలిసినట్టు. "ఆ పక్క పట్టుకో. గీత ఉండే పక్క."

రిక్షాలో ఇంటికి చేర్చాం. ప్రమీల గుమ్మంలో చిన్న ప్రార్థన చేసింది. అనురాధ వైర్లు కలిపి స్విచ్చు వేసింది. తెర మీద బొమ్మ జ్వరం వచ్చిన మనిషిలా వణికింది. పది నిమిషాలకు నిలబడింది. కింద మూలలో కనిపించే టైముకు, ప్రమీల గోడ గడియారానికి రెండు నిమిషాలే తేడా. అనురాధ కూర్చొని టకటకా కొట్టడం మొదలుపెట్టింది. ఆ ఒక్క కీ దగ్గర మాత్రం వేలు గట్టిగా పడుతోంది.

"ఎద్దు బాగానే నడస్తా ఉండాది" అని ప్రమీల తనలో తాను అనుకున్నట్టు అని, లోపలి గదిలో బల్ల దగ్గర కార్డు ముందేసుకొని రాయడానికి కూర్చుంది. అలవాటు కొద్దీ నేను ఎదురుగా కూర్చున్నాను. అది నెల్లూరు ఆయనకు రాస్తోంది. పెన్ను కదిలిన కొద్దీ నేను చదువుతూ పోయాను.

'అయ్యా, మా మనవరాలు బుధవారము వచ్చి మీ కంప్యూటరు చూసినది. లోపలి బ్యాటరీ కారి బోర్డు పచ్చబడి ఉన్నందున తీసుకొనలేకపోయితిమి. మీరు తెలిసి దాచినది కాదని మాకు తెలుసు. మీ ఉత్తరము వినగానే మా అక్కగారు ఈ సంగతి గ్రహించి పిల్లను హెచ్చరించినారు. నేను బడిలో చదువుకొంటిని గాని, ఉత్తరము చదువుట ఆమెకే తెలియును.'

అరవై ఏళ్ళు దాని నోటి నుంచి ఆ మాట రావాలని కాచుకున్నాను. వచ్చేసరికి అది నాది కాదు. పిల్ల నా తప్పు దాచి, లేని గొప్ప నాకు అంటగట్టింది. ముందు గదిలోంచి టకటక వినపడుతూనే ఉంది.

"ఆ చివరి రెండు మాటలు కొట్టెయ్" అన్నాను.

ప్రమీల పెన్ను ఆగింది. "నీ ముందు ఒక కార్డు గుట్టుగా రాసుకునేదానికి లేదు. ఏం, తప్పు రాసినానా?"

"తప్పు లేదు, నిజం లేదు. నేను పిల్లకు చెప్పలేదు. తెలిసే నెల్లూరుది తీసుకోమన్నా."

టకటక ఆగిపోయింది.

"ఎందుకు?" అంది ప్రమీల.

"అది చెడిపోతే పిల్ల ఉదయగిరి వచ్చేస్తాదని."

ప్రమీల కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "నా గదిలో పనికిరాని పెట్టె పడి ఉంటే చూడాలని కాదూ?"

"అదీ ఉండాది."

అది కళ్ళజోడు అద్దాలను వెలుగుకు పట్టి చూసుకుంది. తర్వాత నా వైపు చూడకుండానే అంది. "ఆ పొద్దు చర్చిలో నవ్వినానని గదా."

దానికి ఆ సంగతి గుర్తుందని నాకు అంతవరకు తెలియదు.

"నువ్వు ఆ పాట ఒక్క అక్షరం తప్పు పోకుండా చదివినావు. అప్పటికి నాకు ఆ పాట సగమే వచ్చు. నాయన నీ వైపే చూస్తా ఉండాడు. నవ్వక ఇంకేం చేసేది నేను?"

 అది కళ్ళజోడు పెట్టుకొని, కార్డు మీద సంతకం చేసి, అడ్రసు రాసింది. ఆ రెండు వాక్యాలు కొట్టేయలేదు.

"అబద్ధం అట్నే ఉండనిస్తావా?"

"ఇంకో కార్డు దండగ. ఆయనేమన్నా నిన్ను కొనబోతా ఉండాడా?" అని, లేచి పోయి, "ఎన్ని గంటలకు అక్కా నీ బస్సు?" అని వంటింట్లోంచి అడిగింది. ఉండమని మాత్రం అనలేదు. నాకు దాని మీద మళ్ళీ కోపం వచ్చింది.

బస్టాండుకు అనురాధ వచ్చింది. దారిలో నేనే అడిగాను. "నీకు ముందే తెలిస్తే నన్నెందుకు అడిగినావే?"

"తెల్దు. అనుమానం. రేడియో కథ నువ్వే గదా చెప్పినావు. నువ్వు చెప్తావేమోనని చూసినా."

"నేను అబద్ధం చెప్పినానని ఎట్టా కనిపెట్టినావు?"

"బాగుండాది అన్నావు గదవ్వా. ఒక్క లోపం కూడా చెప్పలేదు." నవ్వింది గాని, పూర్తిగా నవ్వలేదు. "నేను పుట్టినకాడి నుంచి చూస్తా ఉండా. నువ్వు ఏ ఉత్తరాన్నన్నా బాగుండాది అన్నావా?"

బస్సు ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. అనురాధ కింద నిలబడింది. నా జీవితంలో ఎప్పుడు ఎవరిని సాగనంపినా వాళ్ళు బస్సులో ఉండేవారు, నేను కింద ఉండేదాన్ని. మొదటిసారి నేను బస్సులో ఉండి, నా మనిషి కింద ఉంది. చెయ్యి ఊపాలా వద్దా అని తెలియక, కిటికీ ఊచ పట్టుకొని కూర్చున్నాను.

"చేరినాక కార్డు రాయవ్వా" అంది. "క్షేమం అని మొదలుపెట్టబాక."

చదవడం వచ్చినంత బాగా నాకు రాయడం రాదు. ఊరందరి ఉత్తరాలు చదివాను గాని, నేను రాసినవి నాలుగైదు కంటే ఎక్కువ లేవు. మర్నాడు పొద్దున పోస్టాఫీసుకు పోయి కార్డు కొని, వాకిట్లో పీట మీద పెట్టుకొని కూర్చున్నాను. ఎండ నడినెత్తికి వచ్చేదాకా పట్టింది. ఇట్లా రాశాను.

'అనురాధకు అవ్వ రాయునది. ఎడమ మోకాలు వాచింది. రెండు రోజులుగా నిద్ర సరిగా లేదు. రేడియో నిన్న రెండుసార్లు కొడితే గాని పలకలేదు. మీ చిన్నవ్వ నీకు జడ వేస్తుంటుందని తలుచుకుంటే కడుపు మండుతోంది, ఇది తగ్గుతుందని నేను చెప్పలేను. నీకు ఆ రోజు చెప్పింది అబద్ధమే. తక్కిన మనిషి నడుస్తోంది. వచ్చి ఒక రోజంతా ఉండి చూసుకో. నచ్చకపోతే భోజనం చేసి వెళ్ళు.'